తుపాకీ లైసెన్సు ఉందని ఇంటి ఇన్సూరెన్స్ ఆపేశారు: నా అనుభవం

మా ఇంటి ఇన్సూరెన్స్ పాలసీని ఈసారి రెన్యూ చెయ్యబోమని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కారణం అన్నచోట ఒక్కటే వాక్యం, ఇంటి ఆవరణలో ఆయుధాలకు సంబంధించిన వ్యాపారం ఉందని. ఇల్లు కొన్నప్పటి నుంచీ అదే కంపెనీ. వడగళ్ల వానకి పైకప్పు పాడైనప్పుడు చేసిన ఒక్క క్లెయిమ్ తప్ప వాళ్లని ఏనాడూ ఏమీ అడగలేదు, ప్రీమియం ఎస్క్రో నుంచి (ఇంటి లోను వాయిదాతో పాటు ఇన్సూరెన్స్ డబ్బు జమయ్యే ఖాతా) టంచనుగా వెళ్లిపోతూనే ఉంది. ఉత్తరం చదివితే మేమేదో దాచిపెడితే వాళ్లు పట్టుకున్నట్టు ఉంటుంది గానీ ఆ సంగతి వాళ్లకి చెప్పింది నేనే, అదీ రాతపూర్వకంగా.

మేం ఉండేది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఒక శివారు ఊళ్లో. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. తుపాకులతో నాకున్న సంబంధం క్లే షూటింగ్ వల్ల వచ్చింది, అంటే గాల్లోకి విసిరిన మట్టి బిళ్లల్ని షాట్‌గన్‌తో కొట్టడం. అందులో ట్రాప్, స్కీట్ రెండూ ఒలింపిక్స్‌లో కూడా ఉన్నాయి. గుంటూరు జిల్లాలో మా తాతయ్యకి పంట కాపలాకి లైసెన్సు తుపాకీ ఉండేది, ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడు, ఆ రసీదు ఇనప్పెట్టెలో ఇంటి దస్తావేజుల పక్కన పెట్టేవాడు. తుపాకీ అంటే ముందు కాగితాలు సరిగ్గా ఉండాలన్నది అలా చిన్నప్పుడే తలకెక్కింది.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి, మనవాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి. హెచ్‌1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. స్నేహితులతో సరదాగా రేంజ్‌కి వెళ్లేముందు కూడా అది చూసుకోండి. నేను గ్రీన్ కార్డు వచ్చాకే మొదలుపెట్టాను.

షాట్‌గన్ ఆట ఖరీదైనది, ఒక రౌండుకి 25 తూటాలు, వారాంతంలో నాలుగు రౌండ్లు ఆడితే వంద అయిపోతాయి. అందుకని చాలామంది లాగే నేనూ పేల్చిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరుకొచ్చి ఇంట్లో మళ్లీ నింపుకోవడం మొదలుపెట్టాను. దీన్ని రీలోడింగ్ అంటారు. గరాజ్‌లో ఒక బల్ల, దాని మీద బిగించిన ప్రెస్సు, పక్కన చిన్న త్రాసు. పాత ప్రైమర్ (తూటా అడుగున ఉండి నిప్పు రాజేసే చిన్న బిళ్ల) తీసేసి కొత్తది దిగ్గొట్టాలి, దాని మీద పౌడర్, ఆపైన వాడ్ అనే చిన్న ప్లాస్టిక్ గిన్నె, అందులో సీసపు రవ్వలు, చివర్న మూతి మడవాలి. నేను వాడే లోడులో పౌడర్ 18 గ్రెయిన్లు. పౌండుకి 7,000 గ్రెయిన్లు కాబట్టి పౌండు డబ్బాతో 380 పైచిలుకు తూటాలొస్తాయి. ఫోన్ లోపలే పెట్టేసి, ఎవరితోనూ మాట్లాడకుండా చేసుకునే పని, నాకు చాలా ఇష్టం.

ఆ తర్వాత క్లబ్బులో వాళ్ల తుపాకులకి చిన్న చిన్న రిపేర్లు చేసిపెట్టేవాణ్ని, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) పొడవు సరిచెయ్యడం, ట్రిగ్గర్ విప్పి శుభ్రం చెయ్యడం లాంటివి. డబ్బులు తీసుకుని చెయ్యాలంటే ఫెడరల్ లైసెన్సు ఉండాలి. ఎఫ్‌ఎఫ్‌ఎల్ అంటారు, డీలర్లకీ రిపేర్లు చేసే గన్‌స్మిత్‌లకీ ఇచ్చేది టైప్ 01. మూడేళ్లకి 200 డాలర్లు, ఆ తర్వాత రెన్యువల్ 90. వేలిముద్రలు, ఫొటో, ఊరి పోలీసు అధికారికి అప్లికేషన్ కాపీ, ఇంటి నుంచి వ్యాపారం చేసుకోవడానికి స్థానిక నిబంధనలు అడ్డురావని ధృవీకరణ, మా హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం రూల్స్ (బోర్డు పెట్టకూడదు, వీధిలో బళ్లు ఆగకూడదు), ఇవన్నీ అయ్యాక ఈ లైసెన్సులిచ్చే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ నుంచి ఒక ఇన్వెస్టిగేటర్ ఇంటికొచ్చి నిబంధనలు ఒక్కొక్కటే వివరించి సంతకాలు తీసుకెళ్లాడు. అంత పద్ధతిగా నడిచిన వ్యవహారం. రిపేర్‌కి వచ్చిన తుపాకీ రాత్రికి మా ఇంట్లో ఉంటే రిజిస్టర్‌లో ఎక్కాల్సిందే. ఆన్‌లైన్‌లో కొన్న తుపాకీని నా దగ్గర అందుకునేవాళ్లయితే 4473 ఫారం నింపాలి, ఎఫ్‌బీఐ వాళ్ల నిక్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించాలి. నెలకి వచ్చేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇన్సూరెన్స్ గొడవ ఎలా మొదలైందంటే, ఒకాయన ఇటలీలో తయారైన మంచి ఖరీదైన షాట్‌గన్ రిపేర్‌కి ఇచ్చి వెళ్లాడు. ఆ రాత్రి మా ఆవిడ అడిగింది, “ఏమండీ, ఇది పోతే మన ఇన్సూరెన్స్ ఇస్తుందా?” అని. పాలసీ తీసి మొత్తం చదివాను. తుపాకుల దొంగతనానికి పరిమితి 2,500 డాలర్లు, ఎన్ని తుపాకులున్నా సరే. ఇంట్లో ఉన్న వ్యాపార సామాన్లకి మొత్తం కలిపి మరో 2,500. వేరేవాళ్ల వస్తువు మన సంరక్షణలో ఉండగా పాడైతే లయబిలిటీ (మనవల్ల వేరేవాళ్లకి జరిగిన నష్టానికి ఇచ్చే కవరేజీ) కింద రాదు. వ్యాపారం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే అసలుకే రాదు. హోమ్ పాలసీలు చాలావరకు ఇలాగే ఉంటాయి, తుపాకుల దగ్గరే కాదు, ఇంట్లో బ్యూటీ పార్లర్ పెట్టుకున్నా, స్వీట్లు చేసి అమ్మినా ఇదే కథ. నన్నడిగితే ఇంటి నుంచి ఏ చిన్న వ్యాపారం చేసేవాళ్లయినా ఈ పేజీలు ఒకసారి చదివి తీరాలి.

కాబట్టి ఏజెంట్‌కి ఈమెయిల్ పెట్టాను, ఇదీ పరిస్థితి, దీనికేమైనా రైడర్, అంటే పాలసీకి జతచేసే అదనపు కవరేజీ ఉంటే ఇవ్వండి, ప్రీమియం కడతాను అని. ఆ అమ్మాయి దాన్ని అండర్‌రైటింగ్‌కి, అంటే రిస్కు చూసి పాలసీ ఇవ్వాలో వద్దో తేల్చే విభాగానికి పంపింది. అక్కణ్నుంచి ఒక ప్రశ్నావళి వచ్చింది. కస్టమర్లు ఇంటికి వస్తారా, ఎన్ని ఆయుధాలు ఉంటాయి, పేలుడు పదార్థాలు నిల్వ చేస్తారా, తూటాలు తయారుచేసి అమ్ముతారా. అన్నిటికీ నిజాలే రాశాను. తూటాలు అమ్మను, నాకోసం మాత్రమే చేసుకుంటాను అని కూడా రాశాను. రైడర్ సంగతి ఏమైందో ఎవరూ చెప్పలేదు. వచ్చింది నాన్-రెన్యువల్ ఉత్తరం.

ఉత్తరం చూడగానే గుండె గుభేలుమంది. బయటవాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపించొచ్చు, ఒక కంపెనీ కాకపోతే ఇంకో కంపెనీ అని. కానీ ఇంటి మీద లోను ఉన్నప్పుడు ఇన్సూరెన్స్ లేకుండా ఒక్క రోజు కూడా గడవనివ్వరు. మార్ట్‌గేజ్ వాళ్లు తామే ఒక పాలసీ తీసుకుని ఆ ఖర్చు మన నెత్తిన రుద్దుతారు, ఫోర్స్-ప్లేస్డ్ అంటారు దాన్ని. మామూలు పాలసీ కన్నా చాలా ఎక్కువ ఉంటుంది, పైగా అది కాపాడేది ఇంటి కట్టడాన్నీ వాళ్ల అప్పునీ, లోపలున్న మన సామాన్లు కాలిపోయినా, మెట్ల మీద ఎవరో జారిపడి కేసు వేసినా మనకి పైసా రాదు. ఫెడరల్ నిబంధనల ప్రకారం ఆ చార్జి వేసే ముందు కనీసం 45 రోజుల నోటీసు ఇవ్వాలి, తర్వాత ఇంకో గుర్తుచేసే ఉత్తరం పంపాలి. మనం వేరే పాలసీ చూపిస్తే 15 రోజుల్లో రద్దు చేసి, రెండూ కలిసి నడిచిన రోజుల డబ్బు వెనక్కివ్వాలి. ఈ అంకెలు తెలిశాకే నాకు కాస్త నిద్ర పట్టింది.

ముందు పాత కంపెనీనే పట్టుకున్నాను. టెక్సాస్‌లో పాలసీ మొదలై 60 రోజులు దాటాక మధ్యలో రద్దు చెయ్యాలంటే వాళ్లకి గట్టి కారణం కావాలి, ప్రీమియం కట్టకపోవడమో, మోసపు క్లెయిమో, మన చేతిలో ఉన్న పని వల్ల ప్రమాదం పెరగడమో. గడువు అయ్యాక రెన్యూ చెయ్యకపోవడానికి అంత ఇబ్బంది లేదు, ముందుగా నోటీసు ఇస్తే చాలు. కానీ మనం అడిగితే కారణాన్ని విడమరిచి రాసివ్వాలన్నది అప్పటి నిబంధన. అది అడిగాను. ఫోన్లో మాట్లాడిన ప్రతివాళ్లూ ఒక్కో మాట చెప్పారు, ఒకరు లైసెన్సు వల్ల అన్నారు, ఇంకొకరు పౌడర్ వల్ల అన్నారు, మరొకాయన అసలు ఇంట్లో తుపాకులుంటే ఇన్సూర్ చెయ్యం అన్నాడు, అది వాళ్ల సొంత పాలసీ కాగితాలకే విరుద్ధం. లైసెన్సే కారణమైతే వ్యాపారాన్ని ఇంటి నుంచి మార్చుకోవచ్చు. పౌడర్ అయితే అది తీసెయ్యాలి. ఏది ఇబ్బందో చెప్పకపోతే నేను దేన్ని సరిచేసుకోవాలి? నాకు కోపం వచ్చింది దీనికే. మీ వ్యాపారాన్ని మేం కవర్ చెయ్యలేం అంటే అది న్యాయమే, వాళ్ల ఇష్టం వాళ్లది. ఆటనీ వ్యాపారాన్నీ ఒకే గాటన కట్టేసి, మాట్లాడే అవకాశం కూడా ఇవ్వకపోవడం న్యాయం కాదు.

టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌లో ఫిర్యాదు పెట్టాను. ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, ఖర్చు లేదు. వాళ్లు కంపెనీ నిర్ణయాన్ని మార్చలేదు, అది ఆశించలేదు కూడా. కానీ వాళ్ల ద్వారా అడిగాక కంపెనీ నుంచి సరైన జవాబు కాగితం మీద వచ్చింది: కస్టమర్లు వచ్చే ఆయుధ వ్యాపారం ఇంట్లో ఉంటే మా గైడ్‌లైన్స్ ఒప్పుకోవు, సొంతానికి చేసుకునే రీలోడింగ్ కారణం కాదు. ఆ ఒక్క వాక్యం తర్వాత నాకు ఎంత ఉపయోగపడిందో చెప్పలేను.

క్లబ్బులో చాలామంది ఇదంతా రాజకీయం అన్నారు. న్యూయార్క్‌లో అలాంటి వివాదం నడిచిన మాట నిజం. అక్కడి ఇన్సూరెన్స్ నియంత్రణ అధికారి కంపెనీల మీద ఒత్తిడి తెచ్చారని తుపాకీ హక్కుల సంఘం ఎన్‌ఆర్‌ఏ వేసిన కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది, ఆ ఆరోపణలతో కేసు ముందుకు సాగొచ్చని 2024 మేలో తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాట మీద తేల్చారు. ఫ్లోరిడాలో ఉండే మా కజిన్ ఇంకోటి చెప్పాడు, చట్టబద్ధంగా తుపాకీ ఉన్నంత మాత్రాన ఇన్సూరెన్స్ ఇవ్వననకూడదని అక్కడ 2014లో చట్టం వచ్చిందని. అదీ నిజమే. కానీ అది తుపాకీ కలిగి ఉండటం గురించి. నాకొచ్చిన ఉత్తరం ఇంట్లో వ్యాపారం గురించి, దాన్ని రాజకీయం చేసుకుంటే నాకే నష్టం, టైము అయిపోతోంది.

ఇక కొత్త కంపెనీల వేట. ఒకే కంపెనీకి పనిచేసే ఏజెంట్ల దగ్గర లాభం లేదు, ఎఫ్‌ఎఫ్‌ఎల్ అనగానే సిస్టమ్ ఒప్పుకోవట్లేదు సర్ అంటారు. కొన్ని అప్లికేషన్లలో గతంలో ఎవరైనా మీ పాలసీ రద్దు చేశారా, రెన్యూ చెయ్యలేదా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. అక్కడ అవును అని టిక్ పెట్టాక కొటేషన్ రాదు, ఫోన్ చెయ్యండి అని వస్తుంది. అప్పుడే ఒక తమ్ముడు సలహా ఇచ్చాడు, “అన్నా, బిజినెస్ ఉందా అన్నచోట లేదని పెట్టెయ్, ఎవరు చూస్తారు?” అని. ఎవరైనా చూడొచ్చు. లైసెన్సుదార్ల పేర్లు, చిరునామాలు ఏటీఎఫ్ ఎప్పటికప్పుడు తన వెబ్‌సైట్‌లో పెడుతూనే ఉంటుంది. అది పక్కన పెట్టినా, రేపు ఇల్లు కాలిపోతే అప్లికేషన్‌లో అబద్ధం రాశావని క్లెయిమ్ కొట్టేస్తారు, కొన్నిసార్లు పాలసీనే మొదటి నుంచీ చెల్లదంటారు. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టి, అవసరమైన రోజున చేతులు ఖాళీ. ఈ సలహా మన వాట్సాప్ గ్రూపుల్లో చాలా తేలిగ్గా తిరుగుతుంది, దయచేసి వినొద్దు.

చివరికి దారి చూపించింది ఒక ఇండిపెండెంట్ ఏజెంట్, అంటే చాలా కంపెనీల పాలసీలు అమ్మే మనిషి. ఆవిడ తండ్రి కూడా రీలోడింగ్ చేసేవాడట, అందుకని మాటలు అర్థమయ్యాయి. ఎక్కడా దొరక్కపోతే టెక్సాస్ ఫెయిర్ ప్లాన్ ఉంది, రెండు కంపెనీలు కాదన్నట్టు చూపిస్తే తీసుకుంటారు, కానీ కవరేజీ తక్కువ అంది. మామూలు కంపెనీలు కాదన్న రిస్కుల్ని తీసుకునే సర్‌ప్లస్ లైన్స్ కంపెనీలు తీసుకుంటాయి గానీ ఆ కంపెనీ దివాలా తీస్తే రాష్ట్ర గ్యారంటీ అసోసియేషన్ ఆదుకోదు, అది తెలిసి తీసుకో అంది. వాటికన్నా ముందు వ్యాపారాన్నీ ఇంటినీ విడదీసి చూద్దాం, నువ్వు ఒక ఉత్తరం రాయి అంది.

ఆ ఉత్తరం మీదే ఎక్కువ కష్టపడ్డాను. అండర్‌రైటర్‌కి పౌడర్ అనగానే పేలుడే గుర్తొస్తుంది, కాబట్టి మొదట అది తేల్చాలి. నేను వాడేది స్మోక్‌లెస్ పౌడర్, గట్టిగా మూసి లేనిచోట అది భగ్గున మండుతుంది గానీ పేలదు. పేలుడు పదార్థంగా లెక్కేసేది బ్లాక్ పౌడర్‌ని, అది మా ఇంట్లో లేదు. అగ్నిప్రమాదాల నివారణకు ఎన్‌ఎఫ్‌పీఏ అనే సంస్థ పెట్టిన 495 నంబరు ప్రమాణం ప్రకారం ఇంట్లో స్మోక్‌లెస్ పౌడర్ 20 పౌండ్ల వరకు దాని సొంత డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు, అది దాటి 50 దాకా ఉంటే అంగుళం మందం చెక్క పెట్టెలో పెట్టాలి. ప్రైమర్లు 10,000 వరకు. నా దగ్గర ఎప్పుడూ 10 పౌండ్లు మించదు, అయినా చెక్క పెట్టె చేయించాను. ఇనప సేఫ్‌లో పెట్టొచ్చు కదా అని అందరూ అడుగుతారు. పెట్టకూడదు. నిప్పంటుకున్నప్పుడు గ్యాస్ బయటికి పోయే దారి లేకపోతే సేఫే బాంబు అవుతుంది, చెక్క పెట్టె అయితే అతుకులు విడిపోయి గ్యాస్ బయటికి పోతుంది. తుపాకులు సేఫ్‌లో, పౌడర్ చెక్క పెట్టెలో, ప్రైమర్లు ఇంకోచోట, గరాజ్‌లో వాటర్ హీటర్ ఉన్న వైపు ఇవేవీ లేవు. అన్నిటికీ ఫొటోలు తీసి, ఒక్కో ఫొటో కింద ఒక్కో లైను రాసి పెట్టాను. తూటాలు అమ్మను, అమ్మాలంటే టైప్ 06 లైసెన్సు కావాలి, అది నాకు లేదు, తీసుకునే ఉద్దేశం లేదు అని ప్రత్యేకంగా రాశాను. ఇంట్లో చేసిన తూటా వేరేవాళ్ల తుపాకీలో పగిలితే ఆ కేసు ఎవరి మీదికి వస్తుందన్నదే వాళ్ల అసలు భయం. పాత కంపెనీ ఇచ్చిన ఆ వాక్యాన్ని, రీలోడింగ్ కారణం కాదన్నదాన్ని, ఉత్తరానికి జతచేశాను.

ఒక కంపెనీ ఒప్పుకుంది, షరతు ఒక్కటే: కస్టమర్లు ఇంటికి రాకూడదు, లైసెన్సు చిరునామా ఇల్లు కాకూడదు. మా ఆవిడతో కూర్చుని మాట్లాడుకున్నాం. లైసెన్సు వదిలేస్తే అంతా తేలికే, డబ్బు కోసం చేసే పని కాదు. “అంత కష్టపడి తెచ్చుకున్నారు, వదలొద్దు, ఇంట్లో మాత్రం వద్దు” అంది. నాకు తెలిసిన ఒకాయన మెషిన్ షాపు వెనక చిన్న గది అద్దెకి ఇచ్చాడు. వ్యాపారం చోటు మార్చాలంటే కనీసం 30 రోజుల ముందే ఏటీఎఫ్‌కి 5300.38 ఫారం పంపాలి, సవరించిన లైసెన్సు వచ్చేదాకా కొత్త చోట పని మొదలెట్టకూడదు. ఆ మధ్యలో కొత్త పనేదీ తీసుకోలేదు, చేతిలో ఉన్న తుపాకులన్నీ ఎవరివి వాళ్లకి ఇచ్చేసి రిజిస్టర్‌లో రాసేశాను. ఆ గదికి వేరే కమర్షియల్ పాలసీ తీసుకున్నాను, గన్‌స్మిత్‌ల కోసమే అమ్మేవి ఉన్నాయి. కస్టమర్ల తుపాకులు, చేసిన రిపేర్ వల్ల తర్వాత జరిగే ప్రమాదాలు, రెండూ అందులో వస్తాయి. నేను మొదట అడిగింది సరిగ్గా ఇదే.

కొత్త హోమ్ కంపెనీ ఇన్‌స్పెక్టర్‌ని పంపింది. ఆయన పైకప్పు, ఎలక్ట్రిక్ ప్యానెల్, వాటర్ హీటర్ ఫొటోలు తీసుకుని గరాజ్‌లోకి వచ్చాడు. చెక్క పెట్టె తెరవమన్నాడు. ఒక్కో డబ్బా మీద లేబుల్ చదివి, ఎన్ని పౌండ్లో కూడి కాగితం మీద రాసుకుని, ఆ అంకె నా ఉత్తరంలో ఉన్నదానితో సరిచూశాడు. ప్రెస్సు చూసి ఇది దేనికి అని అడిగితే ఖాళీ గొట్టంతో ఒకసారి చేసి చూపించాను. తుపాకుల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. వెనక యార్డులో ట్రాంపొలిన్‌కి వల లేదు, అది పెట్టించండి అన్నాడు. పెట్టించాను.

పాలసీ పాతది ముగిసే ముందే వచ్చింది. ప్రీమియం పెరిగింది, గాలివాన, వడగళ్ల డిడక్టిబుల్ 1 శాతం నుంచి 2 శాతం అయ్యింది, అంటే 5 లక్షల డాలర్ల ఇంటికి 5,000 బదులు 10,000 మన జేబులోంచి పోతుంది. డాలస్ చుట్టుపక్కల వడగళ్ల సంగతి తెలిసినవాళ్లకి అది చిన్న మార్పు కాదు. పాలసీ ముఖ్య వివరాలుండే డిక్లరేషన్ పేజీని అదే రోజు మార్ట్‌గేజ్ వాళ్లకి పంపాను, అందినట్టు రాతపూర్వకంగా తీసుకున్నాను, ఫోర్స్-ప్లేస్డ్ దాకా పోలేదు. మొదటి రెన్యువల్ కూడా అయ్యింది. మళ్లీ అదే ప్రశ్నావళి పంపారు, కొత్త ఫొటోలతో అదే జవాబులు ఇచ్చాను. కార్ల పాలసీ మాత్రం ఇంకా పాత కంపెనీలోనే ఉండిపోయింది, ఇంటి పాలసీ పోవడంతో బండిల్ డిస్కౌంట్ పోయింది. దాన్ని కూడా కొత్త దాంట్లోకి మార్చమని ఏజెంట్‌కి చెప్పాను, కొటేషన్ రావాలి.